నా మొక్కు, వాడి బతుకు

మొక్కుకున్నది నేను. చెల్లించమన్నది నా కొడుకుని. ఈ సంగతి నాకు అర్థమయ్యేలోగా వాడి పడుచుతనంలో మంచి ఏళ్లన్నీ అయిపోయాయి.

నేను కథోలికుల ఇంట్లో పుట్టి, కథోలికుల ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. మాది పల్నాడు వైపు ఊరు. తెల్లారి ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి గుడి గంట మోగితే చేతిలో పని ఆపి త్రికాల జపం చెప్పుకునే ఇల్లు మాది. రాత్రి అన్నాలకు ముందు జపమాల. తొలి శుక్రవారం పూజ. తపస్సుకాలంలో శుక్రవారం వస్తే సిలువ మార్గం, ఇంట్లో మాంసం వండకపోవటం. మే నెలంతా మరియమ్మ తల్లి స్వరూపం దగ్గర పూలు. ఇవేవీ నాకు ఎప్పుడూ బరువు కాలేదు. ఇప్పటికీ కావు. నేను చెప్పబోయే తప్పు భక్తి ఎక్కువై జరిగిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. నా కోరికకు భక్తి అని పేరు పెట్టుకున్నాను. తప్పు అక్కడ జరిగింది.

పెళ్లైన కొత్తలో నాకు కడుపు నిలవలేదు. ఒకసారి పోయింది, మళ్లీ పోయింది. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. ఆమె ఏమీ అనకుండా నా వైపు చూసి తల తిప్పుకోవటమే నాకు కష్టంగా ఉండేది. ఆ ఏడు ఫిబ్రవరిలో గుణదల పండుగకు ఊరి ఆడవాళ్లు బయలుదేరుతుంటే నేనూ పోయాను. మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులవి. కూలీలనూ కల్లాన్నీ మా ఆయన మీద వదిలేసి వెళ్లాను.

గుణదల తెలియని తెలుగువాళ్లు తక్కువ. 1924లో ఇటలీ నుంచి వచ్చిన అర్లాటి ఫాదర్ గారు బెజవాడ పక్కన ఆ కొండ మీద దేవమాత స్వరూపాన్ని నిలిపారు. ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్తమ్మకు 1858 ఫిబ్రవరి 11న దేవమాత మొదటిసారి కనిపించింది. ఆ తేదీకే గుణదలలో పెద్ద పండుగ. కథోలికులే కాదు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, మోకాళ్ల నొప్పులతోనే కొండ మీద సిలువ దాకా ఎక్కుతారు. మన నేల మీద మొక్కుకోవటం ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. ఆ జనమంతా తమ జుట్టు ఇస్తున్నారు, తమ కాళ్లతో ఎక్కుతున్నారు, తమ సంపాదనలోంచి కానుక వేస్తున్నారు. నేను మాత్రం ఆ స్వరూపం ఉన్న గుహ ముందు నిలబడి, ఇంకా పుట్టని మనిషిని ఇస్తానన్నాను. "తల్లీ, కొడుకును ఇవ్వు. వాణ్ణి గురువును చేసి నీ కొడుకు పీఠం దగ్గరే నిలబెడతాను" అన్నాను. గురువంటే మాకు ఫాదర్ గారే.

నాకు ఆ మాట హన్నా కథలోంచి వచ్చింది. నేను ఆదివారాలు గుడిలో పిల్లలకు సత్యోపదేశం చెప్పేదాన్ని. బిడ్డలు లేక షిలోహులో ఏడ్చిన హన్నా, ఆమె తాగి ఉందనుకున్న యాజకుడు ఏలీ, కొడుకు పుడితే దేవునికే ఇస్తానన్న ఆమె మాట, పాలు మానిన సమూవేలును తీసుకెళ్లి దేవాలయంలో అప్పగించటం, ఏటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లటం. పిల్లలకు చెప్పేటప్పుడు ఆ అంగీ దగ్గర నాకు కన్నీళ్లు వచ్చేవి. నేను హన్నానని నాకు నేను అనుకున్నాను.

మరుసటేడు కొడుకు పుట్టాడు. తర్వాత మూడేళ్లకు అమ్మాయి.

మొక్కు సంగతి మా ఆయనకు కొడుకు పుట్టినాక చెప్పాను. ఆయన బిడ్డను ఒళ్లో పెట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "వాడు నీ ఒక్కదానికే పుట్టలేదు కదా. పెద్దవాణ్ణి కానీ. అప్పుడు వాణ్ణే అడుగుదాం." నాకు కోపం వచ్చింది. ఆయన ఆదివారం పూజకు వచ్చి, చివరి స్తంభం పక్కన నిలబడి, దీవెన అయ్యీ అవకముందే బయటికి వచ్చేవాడు. విశ్వాసం చాలని మనిషి మాట అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత సంఖ్యాకాండం 30వ అధ్యాయం చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. భార్య చేసుకున్న మొక్కును భర్త విన్న రోజునే కాదంటే ఆ మొక్కు నిలవదని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. ఆడదాని మాటను మగవాడి చేతిలో పెట్టిన ఆ కాలపు కట్టడిని నేను మెచ్చుకోను. కానీ ఒక బిడ్డ సంగతి ఆ బిడ్డ తండ్రికి చెప్పకుండా దేవుడితో మాట్లాడుకుని ముగించేయటం కూడా మెచ్చుకోదగింది కాదు. ఆయన నాకు కాదనే చెప్పాడు. నేను వినలేదు.

ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కథ మొదలైంది. ఇంటికి ఎవరు వచ్చినా, సిస్టరమ్మలు వచ్చినా, గుణదల పండుగకు పోయే బస్సులో అయినా, పిల్లవాణ్ణి ముందుకు లాగి చెప్పేదాన్ని: "వీడు మరియమ్మ తల్లి ఇచ్చిన బిడ్డ. ఆమె కోసం పుట్టినవాడు. మాకు దక్కాడంటే ఆమె దయే." విన్నవాళ్లు వాడి నెత్తిన చెయ్యి పెట్టి, "ఫాదర్ గారూ" అని పిలిచేవాళ్లు. వాడు తల దించుకునేవాడు. అది వినయం అనుకున్నాను.

వాడు పూజకు సాయం చేసే పిల్లల్లో చేరాడు. గంట ఎప్పుడు కొట్టాలో, నీళ్లూ ద్రాక్షరసం గిండెలు ఎప్పుడు అందించాలో ఒక్కసారి చెబితే నేర్చుకున్నాడు. చక్కటి గొంతు. కీర్తన పాడితే వెనక వరసల్లోవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. ఇంతకన్నా ఏం ఆనవాలు కావాలి అనుకున్నాను. పాస్కా కాలపు నాలుగో ఆదివారం దైవపిలుపుల కోసం ప్రార్థించే రోజు, 1964 నుంచి కథోలిక తిరుసభ అంతటా జరుపుకుంటున్నది. ఆ ఆదివారం ప్రసంగంలో ఫాదర్ గారు "ఈ విచారణ నుంచి ఎవరు వస్తారు?" అని (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి పరిధిని మేం విచారణ అంటాం) అడిగినప్పుడు నేను మగపిల్లల వైపు కూర్చున్న నా కొడుకును చూసేదాన్ని. వాడు నన్ను చూసేవాడు. మా చూపులు కలిసేవి. పిలుపు అంటే అదే అనుకున్నాను. వాడు చూస్తున్నది నన్ను. దేవుణ్ణి కాదు.

నా ఆశలో దేవుడొక్కడే లేడని కూడా చెప్పాలి. మా వైపు గురువుగారి తల్లికి ఉన్న గౌరవం వేరు. గురుపట్టం రోజున ఊరు ఊరంతా మేళాలతో ఎదురొస్తుంది. తల్లిదండ్రులకు దండలు వేస్తారు. కొత్త గురువు ప్రథమ పూజ అయ్యాక అభిషేక తైలం పూసిన ఆ చేతులను వరసలో నిలబడి ముద్దు పెట్టుకుంటారు. ఆ తైలం పూసిన చేతులకు చుట్టిన గుడ్డను తల్లికి ఇచ్చేవారని, తల్లి పోయినప్పుడు ఆమె చేతిలో పెట్టి సమాధి చేసేవారని ఒక సిస్టరమ్మ నాకు చెప్పింది. ఆ గుడ్డ నా మనసులో ఎంత పెద్దదై కూర్చుందో చెప్పలేను. నా బీరువాలో దానికి చోటు కూడా చూసి పెట్టుకున్నాను. వాడు అప్పటికి ఏడో తరగతి.

పదో తరగతి అవగానే సెమినరీలో చేర్చాం. ట్రంకు పెట్టె, రెండు దుప్పట్లు, బైబిలు, అరిసెల డబ్బా. బస్సెక్కేటప్పుడు వాడు ఏడవలేదు. వాళ్ల నాన్న ఏడ్చాడు.

గురువు కావాలంటే పదేళ్ల పైమాట. ఇంటరు, ఆత్మీయ శిక్షణ, తత్వశాస్త్రం, ఒక ఏడాది ఏదో విచారణలో ఉండి పని చూడటం, ఆ తర్వాత వేదశాస్త్రం. అంత కాలం ఎందుకు పెట్టారో నేనప్పుడు ఆలోచించలేదు. పిలుపు నిజమో కాదో ఆ కుర్రవాడూ, తిరుసభా ఇద్దరూ పరీక్షించి చూసుకోవటానికి పెట్టిన ఏళ్లవి. మధ్యలో కాదని తెలిసి బయటికి వచ్చినవాడు ఓడిపోయినవాడు కాదు, ఆ ఏళ్లు చేయాల్సిన పనే చేసినట్టు. కానీ మా ఊళ్లలో అలా వచ్చినవాణ్ణి చూసే చూపు వేరు. "నిలవలేకపోయాడు" అంటారు. ఏం చేసి వచ్చాడో అని గుసగుసలు పోతారు. పెళ్లి సంబంధాల దగ్గర అది ఎత్తి చూపుతారు. నేనూ అలా అన్నదాన్నే. పక్క బజారులో ఒక అబ్బాయి తిరిగొస్తే ఆ తల్లిని ఓదార్చటానికి పోయినట్టు పోయి, ఇంటికొచ్చి "పెంపకం" అన్నాను. నా కూతురు విన్నది.

సెలవులకు వచ్చినప్పుడు వాడు సన్నబడి కనిపించేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒక ఎండాకాలం పెరట్లో మంచం మీద పడుకుని, నక్షత్రాల వైపు చూస్తూ, "అమ్మా, నేను గురువును కాకపోతే ఏమవుద్ది?" అని అడిగాడు. నేను ఉలిక్కిపడి, "అలా అనకు నాన్నా, తల్లి వింటుంది" అన్నాను. వాడు అటు తిరిగి పడుకున్నాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ ఒక్క ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పి ఉంటే చాలు. ఏమీ కాదు, నువ్వు మా కొడుకువి, అన్నం తిని పడుకో అని చెప్పి ఉంటే చాలు.

తత్వశాస్త్రం చదివే రోజుల్లో వాడికి డెంగీ జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఫోను వస్తే రాత్రికి రాత్రి పోయాం. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. సెలైను ఎక్కుతోంది. నేను మంచం పక్కన మోకరించి, జపమాల పట్టుకుని, పైకే ప్రార్థించాను: "తల్లీ, వీడు నీవాడు. నీకిచ్చినవాడు. బతికించు, నీ పనికే ఉంచుకో." వాడికి వినపడేటట్టుగానే అన్నాను. వాడికి ధైర్యం వస్తుందని. మా ఆయన నా భుజం పట్టుకుని "లే, బయటికి రా" అన్నాడు. నేను రాలేదు. వాడు కోలుకున్నాడు. ఆ సంగతి కూడా నా కథలో చేరింది. ఆ ఫిబ్రవరిలో గుణదల బస్సులో అందరికీ చెప్పాను.

విచారణలో ఉండి పని చూసే ఏడాదిలో వాడు సెమినరీ నుంచి వచ్చేస్తానని పై ఫాదర్లకు చెప్పుకున్నాడు. వాళ్లు మర్యాదగానే పంపించారు. వాడు నాకు ఫోను చేసి, "అమ్మా, రేపు వస్తున్నా. పూర్తిగా" అన్నాడు.

నేనన్న మాట ఇది: "పగలు రావద్దు. రాత్రి బస్సుకు రా."

మా ఊరికి ఆఖరి బస్సు పది దాటాక వస్తుంది. అప్పటికి అరుగుల మీద ఎవరూ ఉండరు. ట్రంకు పెట్టెతో దిగే నా కొడుకు ఎవరి కంటా పడకూడదని నా ఆలోచన. మా ఆయన బండి మీద పోయి తెచ్చాడు. నేను వాకిట్లో లైటు వేయలేదు. వాడు చీకట్లో గడప తగిలి తూలాడు. "నా పరువు తీశావు" అన్నాను. అన్నం పెట్టకముందే అన్నాను.

తర్వాత నెలల తరబడి వాడు గదిలోనే ఉన్నాడు. హాల్లో తెల్ల అంగీ వేసుకున్న వాడి ఫొటో ఉండేది. అది తీసి బీరువాలో పెట్టాను. పూజకు నేనూ అమ్మాయీ పోయేవాళ్లం. ఎవరైనా అడిగితే "ఒంట్లో బాగాలేక వచ్చాడు" అనేదాన్ని. అబద్ధం. ఆ అబద్ధాన్ని మాత్రం పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను. ప్రార్థన తప్పినది, కోడలు వరస పిల్లతో మాట పడ్డది, తపస్సుకాలంలో నోరు కట్టుకోలేకపోయినది, ఇవన్నీ వరసగా చెప్పుకునేదాన్ని. మొక్కు సంగతి ఒక్కనాడూ ఆ వరసలోకి రాలేదు. దాన్ని నేను పుణ్యాల లెక్కలో రాసుకున్నాను.

నాకు కళ్లు తెరిపించింది నా కూతురు. వాడి గురించి నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. అది గిన్నెలు కడుగుతున్నది కడుగుతూనే అన్నది, "అన్నయ్య ఎందుకు అన్నేళ్లు అక్కడ ఉన్నాడో నీకు తెలుసా? బయటికొస్తే చచ్చిపోతానని."

నేను అర్థం కాక నిలబడ్డాను. అది చెప్పింది. వాడికి చిన్నప్పటి నుంచీ ఆ నమ్మకం. మరియమ్మ తల్లి కోసం పుట్టినవాడు కదా, ఆమె కోసమే బతికినవాడు కదా, ఆమె పని కాదంటే ఆమె తన వస్తువు తను తీసుకుంటుంది. పిల్లవాడు కదా, అంతే లెక్క కట్టుకున్నాడు. తత్వశాస్త్రం చదివేటప్పుడు ధైర్యం చేసి, వెళ్లిపోతానని రెక్టర్ గారికి ఉత్తరం రాసి పెట్టుకున్నాడు. ఆ వారంలోనే డెంగీ వచ్చింది. సెలైను ఎక్కుతుంటే పక్కన వాళ్లమ్మ మోకరించి వీడు నీవాడు అంటోంది. వాడు లేచాక మొదట చేసిన పని ఆ ఉత్తరం చింపేయటం. ఇంకా ఏళ్లు అక్కడే ఉన్నాడు. ఇదంతా చెల్లెలికి చెప్పుకున్నాడు. నాకు చెప్పుకోలేకపోయాడు.

దేవమాతను నేను ప్రేమించిన తల్లిగా పిల్లలకు చూపించాననుకున్నాను. నా కొడుక్కి ఆమె అప్పులవాడిలా కనపడింది. ఆ రూపం ఆమెకు నేనిచ్చాను. నా తప్పులన్నిటిలోకీ నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. నా బిడ్డకు చేసిన అన్యాయం ఒకటి, ఆ తల్లికి చేసిన అన్యాయం ఇంకొకటి.

పవిత్ర వారంలో, మా విచారణకు కొత్తగా వచ్చిన ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేసుకున్నాను. ఈసారి మొక్కు సంగతే చెప్పాను. తర్వాత ఆయన బంగళా దగ్గర ఆ మాట నేనే మళ్లీ ఎత్తాను. మనసు ఊరుకోలేదు.

"మొక్కు ఎవరిదమ్మా?"

"నాదే ఫాదర్."

"అబ్బాయి ఏమన్నా మొక్కుకున్నాడా?"

"లేదు ఫాదర్."

"మరి అతను చెల్లించాల్సింది ఏముంది?"

లోపలికి పోయి ఒక పుస్తకం తెచ్చారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1983లో ప్రకటించిన తిరుసభ చట్టం. 1193వ నిబంధన చూపించి తెలుగులో చెప్పారు: మొక్కు దాని స్వభావాన్ని బట్టి మొక్కుకున్న మనిషినే కట్టిపడేస్తుంది, ఇంకొకరిని కాదు. 219వ నిబంధన: జీవితంలో ఏ అంతస్తు ఎంచుకోవాలన్న విషయంలో విశ్వాసులెవరినీ ఎవరూ బలవంతం చేయకూడదు. 1026: గురుపట్టం తీసుకునేవాడికి స్వేచ్ఛ ఉండి తీరాలి, ఎవరినీ ఏ రకంగానూ ఒత్తిడి పెట్టకూడదు. నా వంతు మొక్కు నుంచి నన్ను విడిపించే అధికారం విచారణ గురువుగా తనకు ఉందన్నారు, విడిపించారు. అబ్బాయిని విడిపించటానికి తన దగ్గర ఏమీ లేదన్నారు, అతను ఎప్పుడూ కట్టుబడి లేడు కాబట్టి.

నేను తిరుసభకు వాణ్ణి ఇస్తున్నాననుకున్న ఇన్నాళ్లూ, తిరుసభ తన చట్టంలో నా చేతిని పట్టుకుని ఆపుతూనే ఉంది. నేను చూడలేదు. మా ఊళ్లలో మొక్కుబడి బిడ్డలని పిలిచే పిల్లలు ఎంతమంది ఉన్నారో తలచుకుంటే, ఈ మూడు నిబంధనలూ గుడి గోడ మీద రాయించాలనిపిస్తుంది.

ఇంటికొచ్చి సమూవేలు గ్రంథం మళ్లీ తీశాను. నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన కథే. కానీ నేను హన్నా దగ్గరే ఆగేదాన్ని. ఆ తర్వాత అధ్యాయంలో, దేవుడు రాత్రి ఆ కుర్రవాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. వాడు ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు లేచి పరిగెత్తుతాడు. నాలుగోసారి తనే జవాబు చెబుతాడు. తల్లి ఇచ్చింది సరే, దేవుడు మళ్లీ వాణ్ణి విడిగా అడిగాడు. అంతే కాదు, దానికి ముందున్న న్యాయాధిపతుల గ్రంథంలో ఇంకో మొక్కు ఉంది. యెఫ్తా యుద్ధం గెలిస్తే తన ఇంటి వాకిట్లోంచి ఎదురొచ్చేదాన్ని దేవునికి బలి ఇస్తానన్నాడు. ఒక్కగానొక్క కూతురు తంబుర వాయిస్తూ ఎదురొచ్చింది. అప్పుడు అతను బట్టలు చింపుకుని, నన్ను కుంగదీశావని ఆ పిల్లనే అన్నాడు. మొక్కు తనది, నింద పిల్లకు. ఆ వాక్యం దగ్గర నాకు చేతులు వణికాయి. పరువు తీశావన్న నా మాట అక్కడ వేరే నోట ఉంది. సత్యోపదేశం తరగతిలో ఆ కథ నేనెప్పుడూ చెప్పలేదు. పిల్లలు భయపడతారని వదిలేసేదాన్ని.

సిస్టరమ్మ దగ్గర ఒక పుస్తకం తెచ్చుకుని చదివాను, పునీతురాలు చిన్న తెరేజమ్మ తల్లి జెలీ మార్టిన్ గురించి. ఫ్రాన్సులో అలాన్సోన్ ఊళ్లో లేసు అల్లించి అమ్మిన ఇల్లాలు. 2015 అక్టోబరు 18న ఆమెనూ భర్త లూయీనీ కలిపి పునీతులుగా ప్రకటించారు. ఆమెకూ గురువైన కొడుకు కావాలన్న కోరిక బలంగా ఉండేది. ఇద్దరు మగబిడ్డలకూ జోసెఫ్ అనే పేరు పెట్టుకుంది. ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. బతికిన అయిదుగురు ఆడపిల్లలూ కన్యాస్త్రీలయ్యారు, ఆమె పోయిన తర్వాత, ఎవరి పిలుపు వాళ్లు విని. అందులో లెయోనీ అనే పిల్ల మాట వినేది కాదు, బళ్లోంచి ఇంటికి పంపేసేవాళ్లు. ఇంట్లో పనిచేసే ఆవిడ ఆ పిల్లను రహస్యంగా భయపెట్టి చెప్పుచేతల్లో పెట్టుకుందని 1877లో గానీ తల్లికి తెలియలేదు. అదే ఏడు ఆమె క్యాన్సరుతో పోయింది. అంతటి పునీతురాలికి కూడా తన ఇంట్లో తన బిడ్డ భయం కళ్లబడలేదన్నది నన్ను ఓదార్చలేదు. ఆమె తెలిసిన మరుక్షణం పిల్లను దగ్గరికి తీసుకుంది. నాకు తెలిశాక కూడా కొడుకు గది తలుపు తట్టటానికి వారం పట్టింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం గంట మోగింది. అలవాటుగా నిలబడి త్రికాల జపం మొదలుపెట్టాను. పుట్టిన దగ్గర్నుంచీ రోజుకు మూడు పూటలా చెబుతున్న జపం. దేవదూత నజరేతులో ఒక అమ్మాయి దగ్గరికి వచ్చి సంగతి చెప్పటం, ఆమె సరేనని అనటం, ఆ తర్వాతే దేవుని వాక్కు మనిషి కావటం. ఆ వరసలోనే ఉంది. ఆమె సరేనన్న తర్వాతే. ఆకాశాన్నీ భూమినీ చేసినవాడు తన పని మొదలుపెట్టటానికి ఒక పల్లెటూరి పిల్ల జవాబు కోసం ఆగాడు. ఆమెను భయపడవద్దన్నాడు. ఆమె ప్రశ్న అడిగితే కోప్పడలేదు. నేను నా కడుపున పుట్టినవాణ్ణి ఒక్కసారి అడగలేదు. వాడు అడిగిన ఒక్క ప్రశ్ననూ మూసేశాను. జపం మధ్యలో ఆగిపోయింది. పూర్తి చేయలేకపోయాను.

ఆ రాత్రి వాడి గదిలోకి పోయి కింద కూర్చున్నాను. చాలా మాటలు అనుకుని పోయాను. "నాన్నా, నువ్వు ఎవరికీ బాకీ లేవు. మొక్కు నాది. నిన్ను అడగకుండా నీ మీద పెట్టాను. నన్ను క్షమించు" అని మాత్రం అనగలిగాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు జ్వరం వస్తే ఇప్పటికీ భయమేస్తదమ్మా" అన్నాడు. క్షమించానని అనలేదు. నేను మళ్లీ అడగలేదు.

ఇప్పుడు వాడు బి.ఎడ్. చేసి ఒక స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాడు. కొన్నాళ్లు గుడికి రాలేదు. నేను అడగకుండా ఉండటం నేర్చుకున్నాను, నా నోటికి అది కష్టమైన ఉపవాసం. ఈ మధ్య ఆదివారాలు వస్తున్నాడు. వాళ్ల నాన్న పక్కన, చివరి స్తంభం దగ్గర నిలబడతాడు. పాడడు. సంబంధం చూసేవాళ్లు వచ్చి, "సెమినరీ ఎందుకు మానేశాడు?" అని అడిగితే, "నేను పంపాను కాబట్టి పోయాడు, తనది కాదని తెలిసి వచ్చాడు" అని చెబుతున్నాను. ఒక సంబంధం ఆ మాటతో తప్పిపోయింది. అమ్మాయి తరఫువాళ్లు తల్లిని చూసి భయపడ్డారని మధ్యవర్తి అన్నాడు. వాళ్లు భయపడింది న్యాయమే.

మొన్న గుణదల పండుగకు పోయేటప్పుడు మా బస్సులో ఒక కడుపుతో ఉన్న పిల్ల, కొడుకు పుడితే గురువును చేస్తానని మొక్కుకోబోతున్నట్టు చెప్పింది. పక్కన కూర్చుని నా సంగతంతా చెప్పాను. వాళ్ల అత్తగారికి కోపం వచ్చింది. "మీవాడు నిలవలేదని అందరి మొక్కులూ ఆపుతావా?" అన్నది. ఆపనన్నాను. "గురువులు కావాలి, నేనూ రోజూ ప్రార్థిస్తున్నాను. నీ జుట్టు ఇవ్వు, నీ ఉపవాసం ఇవ్వు, కొండ ఎక్కు. బిడ్డ సంగతి బిడ్డకు వదులు" అన్నాను. ఆ పిల్ల ఏం మొక్కుకుందో నాకు తెలియదు. గుహ దగ్గర జనంలో విడిపోయాం.

ఇది రాసే ముందు నా కొడుకును అడిగాను. వాడి కథ కాబట్టి, వాడు వద్దంటే మానేద్దామనుకున్నాను. రెండు రోజులు ఆలోచించి, పేరు లేకుండా రాయమన్నాడు. రాసింది చదివి వినిపించాను. మొదటిసారి రాసినదాంట్లో రాత్రి బస్సు సంగతి లేదు. వాడు మొత్తం విని, "అది కూడా రాయి. అది లేకపోతే మిగతాది రాయొద్దు" అన్నాడు. రాశాను.